పెద్దాయన ఎవరి మనిషి

పద్నాలుగో భాగం

పోయినవారం టైలరమ్మను కొట్టు గుమ్మంలో, మెడలో టేపుతో, నోట్లో రెండు గుండుసూదులతో నిలబెట్టి వచ్చాం. ఆవిడ ఎదురుగా చేతికర్ర ఊతంతో ఒక మనిషి. ఆయన కర్రతో కలిపి పట్టుకుని చూపిస్తున్న ఫొటోలో ఒక బస్సు, దాని మెట్టు మీద ముందుకాళ్ళు ఆనించి నిలబడ్డ గోధుమరంగు కుక్క. ఆ కుక్క ఎడమ చెవి చివర, కత్తెరతో తీసినట్టు చిన్న గంటు. అచ్చం అలాంటి గంటే ఉన్న చెవిని ఒక పక్కకి వాల్చుకుని, టైలరమ్మ వెనకాల కుట్టుమిషన్ కింద పెద్దాయన గురక పెడుతున్నాడు.

కొత్తగా చదువుతున్నవారికి నాలుగు మాటలు. టైలరమ్మ ఇంట్లో మూడు కుక్కలున్నాయి. మూడూ వీధుల్లో దొరికి షెల్టర్ చేరినవే, పెంచుకుంటామని ఎవరూ ముందుకు రానివే. మాలోకానికి పదమూడేళ్ళు, రెండు చెవులూ వినపడవు. బుల్లెమ్మకి చూపు లేదు, అప్పుడప్పుడు మూర్ఛ వస్తుంది. అందరికంటే ముందు వచ్చినవాడు పెద్దాయన. నడుం దగ్గర వెన్ను దెబ్బతిని వెనక కాళ్ళు రెండూ పడిపోయాయి. ఇలాంటివాళ్ళ కోసం షెల్టర్ ఒక ఏర్పాటు చేసింది. కాగితం మీద కుక్క షెల్టర్‌దే, డాక్టరూ మందులూ షెల్టర్‌వే. ఉండే ఇల్లు మాత్రం పెంచేవాళ్ళది, అదీ ఆఖరిదాకా. ఫారంలో దాన్ని 'శాశ్వత సంరక్షణ' అని రాస్తారు. టైలరమ్మ మాత్రం 'మా ఇంట్లో పెద్దవాళ్ళు' అంటుంది.

ఆ శనివారం పొద్దున షెల్టర్ ఇన్‌ఛార్జి ఫోన్ చేసి, నాలుగింటికి వస్తాననీ, ఒక సంగతి మాట్లాడాలనీ చెప్పి పెట్టేసింది. ఆ సంగతి ఏమిటో టైలరమ్మకి ఇప్పుడు, రెండున్నరకే, గుమ్మంలో కనిపిస్తోంది.

ఆవిడ నోట్లోంచి గుండుసూదులు తీసి, మణికట్టుకున్న సూదుల మెత్తకి గుచ్చింది.

"లోపలికి రండి. కూర్చుని మాట్లాడుకుందాం."

"కూర్చోవడానికి రాలేదమ్మా. నాదాన్ని తీసుకెళ్ళడానికొచ్చాను. బండి ఆపే ఉంది."

"బండిని పంపించేయండి. ఇవాళ ఆయన ఎక్కడికీ వెళ్ళడు. నాలుగింటికి షెల్టర్ మేడమ్ వస్తున్నారు, ఏదున్నా ఆవిడ ముందే."

"ఆయనంటే? మీవారా?"

"మీ కుక్కండీ. ఇక్కడ పెద్దాయనంటాం."

ఇరవై ఆరేళ్ళుగా 'రేపటికల్లా కావాలి' అంటూ వచ్చిన ప్రతివాళ్ళనీ ఎల్లుండికి ఒప్పించి పంపిన మనిషి ఆవిడ. గొంతు పెంచలేదు, గుమ్మానికి అడ్డం నిలబడనూ లేదు. పక్కకి తప్పుకుని, కస్టమర్ల కుర్చీ మీదున్న గుడ్డల మూట తీసి కింద పెట్టింది. వచ్చినాయన ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి తిరిగి బండివాడికి వెళ్ళిపొమ్మని కర్రతో సైగ చేశాడు.

లోపల అడుగుపెట్టాక ఆయన కుర్చీ వంక చూడలేదు. మిషన్ కిందకి వంగి చూశాడు. కుడిచెయ్యి ఒంటికి తగిలించిన దుస్తులా వేలాడుతోంది. ఎడమచేతి బరువంతా కర్ర మీద వేసి, మెల్లగా మోకాలి మీద దిగాడు.

"కండక్టర్" అని పిలిచాడు, చాలా మెల్లగా.

గురక ఆగింది. గంటుపడ్డ చెవి లేచింది. పెద్దాయన తల తిప్పి, ముక్కు గాలిలోకి ఎత్తి, రెండుసార్లు వాసన పట్టాడు. తర్వాత ముందుకాళ్ళు నేలమీద ఊని, మిషన్ కిందనుంచి బయటికి ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆయన వేలాడుతున్న కుడిచేతిని వెతుక్కుని మరీ నాకడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ, వేళ్ళ సందులూ, మణికట్టూ. రెండేళ్ళలో టైలరమ్మ చేతిని అలా ఎన్నడూ నాకలేదు.

కానీ ఆ మనిషి సంతోషపడటం లేదు. ఆయన చూపంతా పెద్దాయన వెనకాల ఈడ్చుకొస్తున్న ఆ రెండు కాళ్ళ మీదే ఉంది.

"వీడి కాళ్ళకేమయిందమ్మా?"

"వచ్చినప్పట్నుంచీ అంతేనండీ. వెన్ను దెబ్బతింది."

"నా దగ్గర ఉన్నప్పుడు పరిగెత్తేవాడు. డిపో గేటు నుంచి మూడో స్టాపు దాకా బస్సు వెంట పరిగెత్తుకొచ్చేవాడు. అక్కడ ఎక్కించుకునేవాణ్ణి. అందుకే ఆ పేరు పెట్టారు మావాళ్ళు. ఎవరు చేశారు వీడికిలా?"

టైలరమ్మ కుర్చీ ఆయన దగ్గరకే జరిపింది. ఈసారి కూర్చున్నాడు.

కూర్చున్నాక చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. రెండున్నరేళ్ళ క్రితం బస్సు నడుపుతుండగానే పక్షవాతం వచ్చింది. కుడిపక్క తిమ్మిరెక్కుతుంటే, ఎడమచేత్తోనే స్టీరింగ్ తిప్పి, బస్సుని వారకి తెచ్చి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేశాక పడిపోయాడు. ఎనిమిది నెలలు ఆసుపత్రి, ఆ తర్వాత చెల్లెలింట్లో మంచం. కుక్కని తమ్ముడు తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళిన మూడో వారమే జబ్బు చేసి పోయిందన్నాడు. పోయిందనే నమ్మాడు. మొన్నామధ్య ఏదో మాటా మాటా పెరిగి, తమ్ముడు నోరు జారాడు: పోలేదు, తలుపు తీసి ఉంటే బయటికి వెళ్ళిపోయింది, ఎవరు వెతుకుతారని ఊరుకున్నాను అని.

"ఆరు వారాలుగా షెల్టర్లన్నీ తిరుగుతున్నాను. ఈ ఊళ్ళో ఇది నాలుగోది. రిజిస్టర్‌లో చెవి గంటు రాసి ఉంది, పక్కన మీ అడ్రసు ఉంది. ఇన్‌ఛార్జి మేడమ్ ఇవాళ నాలుగింటికి తీసుకెళ్తానన్నారు. ఆగలేకపోయాను. నేను దౌర్జన్యానికి రాలేదమ్మా, నాదాన్ని అడగడానికి వచ్చాను."

"అడగండి, తప్పులేదు. కానీ ఈయన్ని చూసుకోవడమంటే ఏమిటో చూసి అడగండి" అంది టైలరమ్మ.

గోడ గడియారం మూడు చూపిస్తోంది. మూడంటే పెద్దాయన పని వేళ. ఆవిడ కొక్కేనికున్న నడుంపట్టీ తీసింది. అది జీన్ ప్యాంటు కాలు కత్తిరించి, లోపల మెత్తటి దుప్పటి గుడ్డ వేసి, రెండు చివర్లా పొడుగాటి పిడులు పెట్టి తనే కుట్టింది. పొట్ట కిందుగా వేసి రెండు పిడులూ పట్టుకుని పైకెత్తితే, వెనక భాగం గాల్లో తేలి పెద్దాయన ముందుకాళ్ళతో పెరట్లోకి నడుస్తాడు.

"ఎత్తండి" అంటూ పట్టీ ఆయనకిచ్చింది.

నిజం చెప్పాలంటే అందులో కొంచెం కొంటెతనం లేకపోలేదు. ఇరవై నాలుగు కిలోల మనిషిని ఒంటి చేత్తో ఎత్తలేడని ఆవిడకి తెలుసు. ఎత్తలేకపోతే మాట దానంతటదే తేలిపోతుందని లెక్క వేసుకుంది. డ్రైవర్ పట్టీని ఇటూ అటూ తిప్పి చూశాడు. పొట్ట కిందుగా వేశాడు. రెండు పిడుల్నీ కలిపి పట్టుకుంటే పట్టీ ఒక పక్కకి జారిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. మూడోసారి ఆయన కర్రని గోడకి ఆనించి, వంగి, ఒక పిడిని మెడలో తగిలించుకున్నాడు. రెండోదాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. నిటారుగా లేచాడు.

పెద్దాయన వెనక భాగం పట్టీలో సమంగా పైకి లేచింది. ఇద్దరూ కలిసి, ఒకరు కుంటుతూ ఒకరు ఊగుతూ, పెరటి గుమ్మం దాటారు.

టైలరమ్మ లెక్క తప్పింది. ఆవిడ ఆయన కర్ర పట్టుకుని వెనకాలే వెళ్ళింది.

పెరట్లో ఆ తర్వాతి పని మాత్రం ఒంటి చేత్తో అయ్యేది కాదు. పెద్దాయనకి మూత్రం దానంతటదే రాదు. పొట్ట కింద రెండు వైపులా అరచేతులు ఆనించి, లోపల చిన్న బంతిలా తగిలేదాన్ని వెతికి, రెండు వైపులా ఒకేలా, మెల్లగా వత్తాలి. ఒక వైపే వత్తితే పక్కకి జారిపోతుంది. డ్రైవర్ తన ఎడమచెయ్యి పెట్టి, వెతికి, ఆగిపోయాడు. తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"ఉండండి" అంది టైలరమ్మ. అవతలి పక్క గొంతుక్కూర్చుని తన చెయ్యి ఆనించింది. "నేను వత్తినంతే మీరూ వత్తండి. ఇంకాస్త కిందికి. ఆ, అక్కడే."

ఒకటి ఆయన చెయ్యి, ఒకటి ఆవిడ చెయ్యి. మధ్యలో పెద్దాయన, ఇదంతా తన హోదాకి తగ్గ సేవే అన్నట్టు దూరంగా ఎటో చూస్తూ ఉన్నాడు. సన్నటి ధార మట్టిలోకి ఇంకింది.

"రోజుకెన్నిసార్లమ్మా?"

"నాలుగు. పడుకున్నప్పుడు గంటగంటకీ పక్క మార్చాలి. లేకపోతే తుంటి దగ్గర పుండు పడుతుంది. మాత్రలు మూడు, అవి నోట్లో దాచుకుని తర్వాత నా చెప్పుల్లో ఉమ్ముతాడు."

డ్రైవర్ మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "బస్సులో బిస్కట్లు సీట్ల కింద దాచేవాడు."

వాళ్ళిద్దరూ అలా ఉన్నప్పుడే టైలరమ్మ భర్త వచ్చాడు. వీధంతా ఆయన్ని లిఫ్టాయన అంటుంది. ఆ చుట్టుపక్కల మేడల్లో ఏ లిఫ్టు ఆగినా బాగుచేసేది ఆయనే. మాటలు తక్కువ, పని ఎక్కువ. పెద్దాయనకి అల్యూమినియం గొట్టాలతో రెండు చక్రాల బండి కట్టింది ఆయనే. శనివారాలు మూడున్నరకల్లా ఇంటికొస్తాడు. వచ్చి, ఎవరో కొత్త మనిషి ఉన్నాడని తల ఊపి, చేతుల గ్రీజు కడుక్కోవడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

"ఈయన పెద్దాయన్ని ముందు పెంచినాయనండీ" అంది టైలరమ్మ. "బస్సు డ్రైవరు. తమ్ముడి ఇంట్లోంచి తప్పిపోయాడట."

కుళాయి దగ్గర ఆయన చేతులకి సబ్బు రాసుకుంటున్నాడు.

"అసలు వీడి నడుం ఎవరు విరగ్గొట్టారో తెలుసుకోవాలమ్మా" అన్నాడు డ్రైవర్, పెద్దాయన వీపు నిమురుతూ. "రిజిస్టర్‌లో రోడ్డు మీద దెబ్బ అని ఉంది, అంతే. తెచ్చినవాళ్ళ పేరు లేదు."

"ఎవరో దారినపోయేవాళ్ళు తెచ్చి గేటు దగ్గర అప్పగించారని చెప్పారు మాకు కూడా."

లిఫ్టాయన చేతులు కడుగుతూనే ఉన్నాడు. గ్రీజు ఎప్పుడో పోయింది. సబ్బు నురగ కూడా పోయింది. ఒట్టి నీళ్ళ కింద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"దారినపోయేవాళ్ళు కాదు. నేనే" అన్నాడు.

టైలరమ్మకి అర్థం కాలేదు. "ఏది మీరే?"

"తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. గుద్దిందీ నేనే."

ఆవిడ లేచి వెళ్ళి కుళాయి కట్టేసింది. నీళ్ళ చప్పుడులో ఏమైనా తప్పుగా విన్నానేమో అన్న ఆశ ఆ పనితో పోయింది.

లిఫ్టాయన గోడకి ఆనుకుని చెప్పాడు. అలవాటు లేని పని కనక ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆ రోజు సాయంత్రం ఒక మేడలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల మనుషులున్నారు. కంపెనీ వ్యాను వేసుకుని కంగారుగా బయల్దేరాడు. సందు తప్పి, వెనక్కి తీస్తూ, కుడివైపు అద్దంలో చూశాడు. ఎడమవైపు చూడలేదు. మెత్తగా ఏదో తగిలింది. దిగి చూస్తే కుక్క. పనిముట్ల మీద కప్పే పట్టాలో చుట్టి షెల్టర్‌కి తీసుకెళ్ళి, పేరు చెప్పకుండా గేటు దగ్గర అప్పగించాడు. లిఫ్టులో మనుషులు ముప్పావు గంట ఎక్కువ ఇరుక్కున్నారు, ఆఫీసులో మెమో ఇచ్చారు. ఆ మెమో టైలరమ్మకి గుర్తుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని చెప్పాడు.

"వారానికోసారి, ఊరికే కుక్కల్ని చూడ్డానికొచ్చినవాడిలా వెళ్ళి చూసొచ్చేవాణ్ణి" అన్నాడు. "ఆరో నెలలో చెప్పారు, దీన్ని ఎవరూ తీసుకోరు, శాశ్వత సంరక్షణ లిస్టులో పెట్టామని. ఆ ఆదివారం నిన్ను తీసుకెళ్ళాను."

టైలరమ్మ పెరటి మెట్టు మీద కూర్చుండిపోయింది.

ఈ వీధిలో ఆవిడ దగ్గర కొలతలిచ్చిన ప్రతి ఆడమనిషికీ ఆ ఆదివారం కథ తెలుసు. కుక్క అంటే ఇంట్లో బొచ్చు, వాసన అని ఏళ్ళ తరబడి ససేమిరా అన్న మొగుడు, ఒకరోజు ఊరికే చూసొద్దాం పదమన్నాడట. షెల్టర్లో మూల గదిలో పడున్న పెద్దాయన్ని చూసి తను కదలనందట. పావుగంటలో ఆయన్ని ఒప్పించిందట. 'మా ఆయన్ని ఒప్పించడం నాకో లెక్కా' అని ముగించేది ఆ కథని. నడుం కొలతకీ భుజం కొలతకీ మధ్య ఎన్నిసార్లు చెప్పిందో.

"ఆ మూల గది వైపు నన్ను నడిపించింది మీరే కదూ" అంది.

"అవును."

"ఒప్పుకోనట్టు నటించిందీ?"

"పావుగంటే" అన్నాడు లిఫ్టాయన. ఆయన హాస్యమాడలేదు, నిజమే చెప్పాడు.

"రెండేళ్ళండీ. రోజూ నాలుగుసార్లు ఇక్కడే కూర్చుని ఈయన పొట్ట వత్తుతూ, గుద్దినవాణ్ణి తిట్టని తిట్టు లేకుండా తిట్టాను. వాడి బండి చక్రాలూడిపోను అన్నాను. వాడి చేతులు పడిపో..." అని, పక్కనే వేలాడుతున్న డ్రైవర్ చెయ్యి కళ్ళబడి నాలిక్కరుచుకుంది. "మీరు పక్కనే నిలబడి వినేవారు. పట్టీ అందించేవారు. ఏమనిపించేది మీకు?"

"నిజమే కదా అనిపించేది."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అబద్ధం ఆడగా ఎప్పుడూ చూడలేదనుకునేది ఆవిడ. ఇప్పుడు చూస్తే, చూసినా గుర్తుపట్టలేదన్నమాట. కోపం కంటే అదే ఎక్కువ మంటగా ఉంది.

డ్రైవర్ కర్ర అందుకుని లేచి, లిఫ్టాయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"వెనక్కి తీసేటప్పుడు ఎడమ అద్దం చూడలేదా?"

"చూడలేదు."

"హారన్?"

"కొట్టలేదు."

"తగిలాక వెంటనే ఆపారా, ఇంకా కదిలించారా?"

"వెంటనే ఆపాను."

"ఎంత వేగం?"

"నడక వేగమే ఉంటుంది."

డ్రైవర్ తల పంకించాడు. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు మారలేదు. "ముప్పై ఒక్క ఏళ్ళు రోడ్డు మీదున్నాను. కుక్కని గుద్ది ఆగినవాణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. బండిలో వేసుకుని తీసుకెళ్ళినవాణ్ణి చూడనే లేదు. ఆగినందుకు మీకు దణ్ణం పెట్టాలో, చూడనందుకు చొక్కా పట్టుకోవాలో నాకు తెలియట్లేదు. ఉన్న ఒక్క చేత్తో రెండూ చేయలేను కూడా."

పెద్దాయన మాత్రం పని అయిపోయింది కదా అని లోపలికి ఈడ్చుకుంటూ బయల్దేరాడు. మామూలుగా ఆ వేళకి మిషన్ కింద, టైలరమ్మ పాదం పక్కన పడుకోవాలి. పాదం అక్కడ లేకపోయేసరికి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగి చూశాడు.

"ఇంకోటి ఉంది" అన్నాడు లిఫ్టాయన. "ఫారంలో ఒక ప్రశ్న ఉంది. ఈ జంతువుతో గానీ, దానికి తగిలిన దెబ్బతో గానీ మీ ఇంట్లో ఎవరికైనా ముందు సంబంధం ఉందా అని. లేదని రాశాను. నాలుగింటికి మేడమ్ వస్తే చెప్పేస్తాను."

టైలరమ్మకి ఆ ఫారం నోటికి వచ్చు. రాసిన దాంట్లో అబద్ధం తేలితే ఒప్పందం రద్దవుతుందన్న మాట కూడా అందులోనే ఉంది. రద్దు అంటే ఒక్క పెద్దాయన కాదు. లోపల నిద్రపోతున్న మాలోకం, గోడ వెంట తడుముకుంటూ తిరిగే బుల్లెమ్మ, ముగ్గురూ.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. డ్రైవర్ నోరు విప్పకుండా ఉంటే చాలు. ఆవిడ ఆయన వంక చూసింది. ఆయన తల పక్కకి తిప్పుకున్నాడు, మీ ఇంటి సంగతి మీరు తేల్చుకోండన్నట్టు.

ఆవిడ చీర కుచ్చిళ్ళకి అంటిన మట్టి దులుపుకుని లేచింది.

"చెప్పండి. అయితే గోడకి ఆనుకుని దొంగలా కాదు. లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని చెప్పండి. తప్పు మీది, చాకిరీ మాత్రం మనిద్దరిదీ. ఆ చాకిరీ చూపించి గెలుస్తాను గానీ, దాచి గెలవాల్సిన పని నాకు లేదు. మీ సంగతి వేరే ఉంది, అది ఆవిడ వెళ్ళాక."

నాలుగింటికి ఇన్‌ఛార్జి స్కూటర్ వాకిట్లో ఆగింది. ముప్పై దాటిన పిల్ల, హెల్మెట్ చంకలో పెట్టుకునే మాట్లాడుతుంది, ఎక్కడా పట్టుమని పది నిమిషాలు కూర్చోదు. ఆవేళ కూర్చుంది. లిఫ్టాయన చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. విని, హెల్మెట్ నేలమీద పెట్టింది.

"అక్కా, ఆ మూడు ఒప్పంద కాగితాలూ ఇలా ఇవ్వండి."

టైలరమ్మ సొరుగులోంచి తీసి కత్తిరింపు బల్ల మీద పెట్టింది.

"ఈ రూల్ రాసింది నేనే" అంది ఇన్‌ఛార్జి, దాని మీద వేలు పెట్టి. "కొట్టి, కాలు విరగ్గొట్టి, మళ్ళీ మంచివాళ్ళలా వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారని రాశాను. ఇప్పుడు దీన్ని మీ ఇంటి మీద వాడాల్సి వస్తోంది."

"రూల్ మంచిదేనమ్మా. వాడే ముందు ఒక్కసారి సరుకు చూడు" అంది టైలరమ్మ. వంగి, పెద్దాయన్ని ఒక పక్కకి తిప్పి, తుంటి దగ్గర వెంట్రుకలు వేళ్ళతో విడదీసింది. రెండో పక్కకి తిప్పింది. పొట్ట చూపించింది, పాదాలు చూపించింది. "రెండేళ్ళయింది. ఒక్క పుండు చూపించు. ఒక్క గీత చూపించు. చూపిస్తే ముగ్గుర్నీ నేనే షెల్టర్ బండి ఎక్కిస్తాను."

ఇన్‌ఛార్జి నిజంగానే వంగి చూసింది. మోచేతుల దగ్గర, తోక మొదట్లో, కాలి గోళ్ళ సందుల్లో. షెల్టర్లో ఇలాంటివాళ్ళు ఆరు నెలలకే ఎలా అయిపోతారో ఆ పిల్లకి తెలుసు. లేచి, కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

"ఒక దారుంది" అంది చివరికి. డ్రైవర్ వైపు తిరిగింది. "మొదటి యజమాని మీరు. ఈ ఇంట్లో మీ కుక్క ఉండటానికి అభ్యంతరం లేదని మీరు రాసిస్తే, సోమవారం కమిటీలో నేను ఈ ఇంటి కోసం కొట్లాడగలను. ఉందని రాస్తే ఇవాళే ముగ్గుర్నీ తీసుకెళ్ళాలి. అప్పుడు కూడా ఇతను నేరుగా మీ చేతికి రాడు. షెల్టర్‌కి వస్తాడు, మీ ఇల్లు చూస్తాం, ఆ తర్వాతి మాట."

"ఇక్కడే ఉంటే నేను రావచ్చా? చూసి పోవడానికి?"

"అది అక్కని అడగండి."

డ్రైవర్ టైలరమ్మ వంక చూశాడు.

"మూడింటికి రండి, ఎడమచెయ్యి పని మీదే" అంది టైలరమ్మ.

ఇన్‌ఛార్జి తెల్లకాగితం ఒకటి ఆయన ముందు పెట్టింది. "పైన మీ పేరు, ఫోన్ నంబరు. కింద ఆ ఒక్క వాక్యం. మీ చేత్తోనే రాయాలి."

ఆయన కర్ర బల్లకి ఆనించి, పెన్ను ఎడమచేత్తో పట్టుకున్నాడు. రెండున్నరేళ్ళుగా నేర్చుకుంటున్న రాత. ఒకటో తరగతి పిల్లల అక్షరాల్లా పెద్దవిగా, వంకరగా, ఒక్కొక్కటే దిగుతున్నాయి. పేరు అయింది. నంబరు అయింది. బల్లకి ఇవతల నిలబడ్డ టైలరమ్మకి తలకిందులుగా చదవడం అలవాటే. ఆవిడ అక్షరం వెంట అక్షరం చదువుతూ వచ్చింది. 'ఈ ఇంట్లో నా కుక్కను ఉంచడానికి నాకు అభ్యంతరం'.

ఇక మిగిలింది రెండక్షరాల మాట. లేదు అన్నా రెండే, ఉంది అన్నా రెండే.

పెన్ను అక్కడ ఆగింది.

చెయ్యి నొప్పి పుట్టిందేమో అనుకున్నారందరూ. ఆయన చూపు మాత్రం కాగితం పైభాగానికి, తను ఇందాక రాసిన ఫోన్ నంబరు దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత తల ఎత్తాడు.

"ఈ నంబరు వీడి మెడ బెల్టు మీద ఉండేది" అన్నాడు లిఫ్టాయనతో. "రేకు మీద చెక్కించాను. నట్టు బిగించి మరీ పెట్టాను, ఊడిపోయేది కాదు. ఆసుపత్రిలో నా ఫోన్ పగలూ రాత్రీ నా చెల్లెలి దగ్గరే ఉంది. మీరు వీణ్ణి షెల్టర్లో ఇచ్చినప్పుడు మెడలో బెల్టు లేదని రిజిస్టర్‌లో ఉంది. ఆ బెల్టు ఏమయింది?"

టైలరమ్మ భర్త మొహం చూసింది. ఇందాక పెరట్లో, అంత పెద్ద మాట ఒప్పుకున్నప్పుడు కూడా, ఆ మొహం ఇలా కాలేదు. ఆయన ఆవిడ వైపు చూడలేదు. డ్రైవర్ వైపూ చూడలేదు. వీధి గుమ్మం పక్కన మేకుకి తగిలించిన తన పాత పనిముట్ల సంచీ వైపు చూశాడు.

ఆవిడే నడిచి వెళ్ళి సంచీ దించింది. బరువుగా ఉంది. రెండు చేతులా మోసుకొచ్చి, రెండక్షరాలు తక్కువైన ఆ కాగితం పక్కనే, బల్ల మీద పెట్టింది.

"తీయండి" అంది.